రసీన్‌ని మంచివాణ్ణి చేయొద్దు

తండ్రి పోయేనాటికి లూయీకి ఆరేళ్లు. ఆ తండ్రి జాఁ రసీన్, ఫ్రెంచి విషాద నాటకానికి మారుపేరు. కొడుకు పెరిగి పెద్దయి, తానూ కవి అనిపించుకుని, యాభై దాటాక 1747లో నాన్న జీవితం మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఒక చేప కథ ఉంది. రాజుగారి కొలువు నుంచి చాలా రోజులకి ఇల్లు చేరాడు రసీన్. ఇంతలో రాజబంధువు ఒకాయన ఇంటి నుంచి మనిషొచ్చి, దొరగారు భోజనానికి పిలుస్తున్నారన్నాడు. రసీన్ రానన్నాడు. పెళ్లాం పిల్లల్ని చూసి వారం దాటిందని, వాళ్లు తనతో కలిసి తినాలని మంచి చేప తెచ్చి పెట్టుకున్నారని చెప్పి, ఆ చేపని తెప్పించి మరీ చూపించాడట. ఇంకోచోట ఇంట్లో పిల్లలతో చర్చి ఊరేగింపు ఆట. అక్కలు పాదిరి పరివారం, బుల్లి లూయీ పాదిరి, నాన్నేమో వాళ్లతో పాటు పాడుతూ శిలువ మోసేవాడు.

చదివితే ముచ్చటేస్తుంది. అబద్ధమని కూడా నేననను. కాకపోతే రెండున్నర శతాబ్దాలకు పైగా పాఠ్యపుస్తకాల ముందుమాటల్లో తిరుగుతున్న రసీన్ ఈ చేప నాన్నే. కుర్రతనంలో కాస్త దారి తప్పి, నాటకాలు రాసి, ముప్పై ఏడేళ్లకి బుద్ధి తెచ్చుకుని, దేవుడి దారి పట్టి, పిల్లల్ని ముద్దుచేస్తూ పోయిన పుణ్యాత్ముడు. మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు. మా వైపు పాతతరంలో ఫ్రెంచి బడికెళ్లినవాళ్లకి రసీన్ అంటే అప్పజెప్పాల్సిన పద్యాలు, ఆ పద్యాల ముందు ఈ పుణ్యాత్ముడి కథ. తర్వాత కాలేజీలో నేను ఫ్రెంచి చెప్పినన్నాళ్లూ నాకు చేతికొచ్చిన నోట్సూ అదే.

ఈ మధ్య పిల్లలు సూటిగా అడుగుతున్నారు, మనిషి మంచివాడు కాకపోతే వాడు రాసింది ఎందుకు చదవాలండీ అని. పెద్దలు చెప్పే జవాబులు రెండు. మనిషి వేరు, రచన వేరు అనేది ఒకటి. లూయీలాగా మనిషిని తోమి తోమి తళతళలాడించేది రెండోది. రసీన్ విషయంలో రెండూ పనికిరావు అంటాను. ఆయన మంచివాడు కాదు. మంచివాడు కాకపోవడం ఎలా ఉంటుందో లోపలినుంచి తెలిసిన మనిషి గనకే ఆ నాటకాలు రాయగలిగాడు. మరకలు చెరిపేస్తే నాటకాలూ సగం అర్థం కాకుండా పోతాయి.

మొదట అప్పు సంగతి చూద్దాం. 1639 డిసెంబరులో పారిస్‌కి ఈశాన్యంగా ఉన్న లా ఫెర్తే మిలోఁ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రెండేళ్లు నిండకుండానే తల్లి పోయింది, నాలుగో ఏట తండ్రి పోయాడు. నానమ్మ పెంచింది. తాత పోయాక ఆవిడ పోర్ రొయాల్ అనే సన్న్యాసినుల మఠానికి చేరింది. మేనత్త అప్పటికే అక్కడ సన్న్యాసిని. ఆ మఠాన్ని అంటిపెట్టుకుని కొందరు పండితులు చిన్న బడులు నడిపేవారు. క్యాథలిక్కుల్లోనే బాగా కటువైన శాఖ వాళ్లది, జాన్సెనిస్టులంటారు. దేవుడు కరుణించనివాడు ఎంత గింజుకున్నా బాగుపడడని వాళ్ల నమ్మకం. అమ్మానాన్నా లేని పిల్లాణ్ణి చేరదీసి వాళ్లు చదువు చెప్పారు. మామూలు చదువు కాదు, గ్రీకు! సోఫొక్లీస్‌ని, యూరిపిడీస్‌ని మూలంలో చదవగల కుర్రాళ్లు ఆనాటి ఫ్రాన్సులో ఎంతమంది? గురువు లాన్స్‌లో ఒక గ్రీకు ప్రేమకథ ఈ పిల్లాడి చేతిలో చూసి పొయ్యిలో పడేశాడట. ఇంకో ప్రతి సంపాదిస్తే అదీ పడేశాడట. మూడో ప్రతి దొరికాక పిల్లాడు కథంతా బట్టీపట్టి, ఇక దీన్నీ తగలబెట్టుకోండి అని తనే తెచ్చిచ్చాడట. ఇదీ కొడుకు చెప్పిన కథే. అయినా దీన్ని మాత్రం నమ్మబుద్ధవుతుంది నాకు. ఇందులో పుణ్యాత్ముడు కనపడడు, మొండిఘటం కనపడతాడు.

ఆ మొండిఘటం అప్పు ఎలా తీర్చుకున్నాడు? నాటకాలవాళ్లతో తిరుగుతున్నాడని తెలిసి మేనత్త ఉత్తరం రాసింది, ఆ సావాసం మానేదాకా నన్ను చూడ్డానికి రావద్దని. ఆయన మానలేదు. తర్వాత పాత గురువుల్లో ఒకడైన నికోల్, వేరే ఎవరినో తిడుతూ, నవలలూ నాటకాలూ రాసేవాళ్లు జనం ఆత్మలకి విషం పెట్టేవాళ్లు అన్న అర్థం వచ్చేలా రాశాడు. రసీన్‌కి ఆ మాట తన వీపునే తగిలినట్టయింది. 1666లో బహిరంగ లేఖ వదిలాడు. తెలివైన లేఖ, చదువుతుంటే నవ్వొస్తుంది. విషం కూడా ఉంది. మఠం పెద్దమ్మ ఒకసారి ఇద్దరు సన్న్యాసులకి తెల్లరొట్టె, ద్రాక్షసారా పెట్టించి, వాళ్లలో ఒకడు తమ ప్రత్యర్థి అని ఎవరో చెవిలో వేయగానే అవి తీయించేసి పనివాళ్లు తినే రొట్టె పెట్టించిందన్న ఇంటి కథని బజారుకెక్కించాడు. తిండి పెట్టి చదువు చెప్పిన ఇంటి వంటగది గుట్టు అది. తనని కన్నకొడుకులా చూసుకుని అప్పటికే చనిపోయిన గురువు ల మేత్ర్‌నీ వదల్లేదు. రెండో లేఖ కూడా రాసి పెట్టుకున్నాడు. అది అచ్చయితే నీ తెలివి తెలుస్తుంది గాని నీ మనసు గురించి ఏమనుకుంటారు అని స్నేహితుడు బ్వాలో అడ్డం పడ్డాడు కాబట్టి ఆగింది.

అంతకు కొద్దివారాల ముందే మోలియేర్ వంతు అయింది. ఊరూ పేరూ లేని కుర్రాడి మొదటి నాటకాన్ని 1664లో ఆడించింది మోలియేర్ బృందం. రెండోది కూడా ఆయనే తీసుకున్నాడు. ఆ రెండో నాటకం మన జీలం నది ఒడ్డున జరుగుతుంది, అలెగ్జాండరూ పురుషోత్తముడూ అందులో పాత్రలు. ఇండియా ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు, ఆ నాటకానికీ తెలియదు, అది వేరే సంగతి. 1665 డిసెంబరు 4న మోలియేర్ థియేటర్లో మొదలైంది. రెండు వారాలకల్లా అదే నాటకం పోటీ బృందం ఒతెల్ ద బుర్గోన్ వాళ్ల రంగస్థలం మీద ప్రత్యక్షమైంది! మోలియేర్‌కి ముక్క చెప్పలేదు. ఆ బృందం లెక్కలు రాసే లా గ్రాంజ్ అనే నటుడు తన పుస్తకంలో ఇంత అన్యాయంగా నడుచుకున్న రచయితకి వాటా ఇవ్వనక్కర్లేదని బృందం తీర్మానించినట్టు రాసుకున్నాడు. ఆవేశం లేదు, శాపనార్థాలు లేవు. జమాఖర్చుల మధ్య ఒక పద్దు. మోలియేర్ నటులకి విషాదం చేతకాదు, అందుకే మార్చాడు అని రసీన్ తరఫువాళ్లు అంటారు. కావచ్చు. అయితే చెప్పి మార్చొచ్చుగా? ఏడాది తిరిగాక మోలియేర్ బృందంలోంచి ద్యు పార్క్ అనే పేరున్న నటిని కూడా లాక్కుపోయాడు. 1667లో ‘ఆంద్రొమాక్’లో టైటిల్ పాత్ర ఆమెదే. ఆమె ఆయన ప్రియురాలు కూడా. మరుసటి ఏడాది డిసెంబరులో చనిపోయింది.

ఇక్కడ ఆగి ‘ఆంద్రొమాక్’ చూడండి. ఎర్మియోన్ అనే రాకుమారి తనని కాదన్న రాజుని చంపి రమ్మని, తనని ప్రేమించే ఒరెస్త్‌ని పంపిస్తుంది. వాడు వెనకాడితే రెచ్చగొడుతుంది. తీరా పని కానిచ్చుకుని వచ్చి నిలబడితే, చంపమని నీకు ఎవరు చెప్పారు అని అడుగుతుంది. నాటకమంతా చదివి ఆ చోటికి వచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది. ఆమె అబద్ధమాడటం లేదు. ఆ క్షణాన నిజంగానే అలా నమ్ముతోంది. చేసిన పనిని పక్కవాడి మీదకి నెట్టేయడం, నెట్టేసినట్టు తనకే తెలియకపోవడం. ఇరవై ఎనిమిదేళ్లు నిండని మనిషికి ఇది ఎక్కడ దొరికింది? గ్రీకు పుస్తకాల్లోనే అంటే నేను ఒప్పుకోను.

మధ్య నాటకాల గురించి ఎక్కువ చెప్పను. ‘బ్రితానికుస్’ 1669లో, ‘బెరెనీస్’ 1670లో. ముసలి కొర్నేయ్ కూడా సరిగ్గా అదే బెరెనీస్ కథతో వారం తేడాలో ఇంకో నాటకం దింపాడు. కుర్రాడిదే నెగ్గింది. ముందుమాటల్లో ఆ పెద్దాయన్ని రసీన్ గిచ్చిన గిచ్చుళ్లు వేరే పాఠం. 1673కల్లా ఫ్రెంచి అకాడమీలో కుర్చీ.

‘ఫేద్ర్’ దగ్గరికి మాత్రం నింపాదిగా వెళ్లాలి. 1677 జనవరి 1న మొదటి ప్రదర్శన. కథ మనకి కొత్తేమీ కాదు. రాజమహేంద్రవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లకి సారంగధరుడి కథ ఉగ్గుపాలతో తెలుసు. సవతి కొడుకు మీద మనసుపడిన సవతి తల్లి, వాడు కాదంటే నింద. రసీన్ పుట్టడానికి కాస్త ముందే తంజావూరు ఆస్థానంలో చేమకూర వేంకటకవి దాన్ని కావ్యంగా రాశాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అదే కథని ‘విషాద సారంగధర’ చేస్తే తెలుగులో తొలి విషాద నాటకమన్నారు. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగిని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మన కథలో కన్నీళ్లన్నీ కుర్రాడికి, శాపాలన్నీ చిత్రాంగికి. రసీన్ కన్నీళ్లని ఆమె వైపు తిప్పాడు.

ఆ నాటకానికి రంగస్థలం మీద కావలసిన సరంజామా గురించి ఆనాటి రంగాలంకరణవాళ్ల జాబితాలో ఉన్నదల్లా ఒక కమానుల రాజభవనం, మొదట్లో ఒక కుర్చీ. అంతే. ఆ కుర్చీ ఫేద్ర్ కూలబడటానికి. రసీన్ నాటకాల్లో ఇలా చేయాలి, అలా కదలాలి అనే సూచనలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. మొదటి అంకం మూడో రంగంలో మాత్రం, ఆమె కూర్చుంటుంది అని రాశాడు. 1654 పాదాలున్న నాటకంలో మహారాణి శరీరం మొట్టమొదట చేసే పని, నిలబడలేకపోవడం. తిండి లేదు, నిద్ర లేదు. జుట్టుకి కట్టిన ముడులు, తలమీద ముసుగులు కూడా బరువై ఆమెని బాధపెడుతున్నాయి.

పక్కన ఎనోన్, చిన్నప్పటినుంచి పెంచిన దాది. ఏమిటమ్మా నీ బాధ అని అడుగుతుంది, ఏడుస్తుంది, కాళ్లు పట్టుకుంటుంది. ఫేద్ర్ చెప్పదు. చుట్టూ తిప్పుతుంది. అమ్మ గురించి అంటుంది, అక్క గురించి అంటుంది, మా వంశానికే ప్రేమ శాపం అంటుంది. చివరికి, ఆ పరదేశి స్త్రీ కొడుకు, నేను ఇన్నాళ్లు సాధించిన ఆ రాకుమారుడు అని మెలికలు తిప్పి ఆపుతుంది. దాది నోటినుంచి ఇపోలిత్ అన్న సవతి కొడుకు పేరు పడుతుంది. అంతే, ఆ పేరు నువ్వే పలికావు అన్న నెపం దాది మీద వేసేస్తుంది మహారాణి. తను చెప్పలేదు! చెప్పించింది. ఈ రంగం క్లాసులో చదివించినప్పుడు పిల్లలు పద్యం అర్థం కాకపోయినా ఇక్కడ తలెత్తేవారు. ఇంట్లో చూసినదే కదా ఇది. దొంగతనం బయటపడకముందే ఎవరి మీద తోయాలో చూసుకునే బుద్ధి మనందరికీ ఎరికే.

తర్వాత నింద వేసేది కూడా దాదే. రాజు తేజేకి ఎనోన్ చెబుతుంది, ఫేద్ర్ మౌనంగా ఊరుకుంటుంది. చివర్లో దాదిని రాక్షసి అని తిట్టి తరిమేస్తే ఆ ముసలిది సముద్రంలో దూకి చస్తుంది. ఇదంతా నాటకంలో భరించగలను, ఎందుకంటే నాటకానికి ఫేద్ర్ ఏం చేస్తోందో తెలుసు. భరించలేనిది రసీన్ ముందుమాట. పాతవాళ్ల కథలో నింద వేసేది రాణి, ఆ నీచత్వం రాజవంశపు స్త్రీకి తగదు, దాదికైతే తగును, అలాంటివాళ్లకి బానిస బుద్ధులు ఎక్కువ కనక అని రాశాడు. పుస్తకం తీసి గోడకేసి కొట్టాలనిపిస్తుంది. పనిమనిషి మీద నెట్టేయడం అనే మహాపాపాన్ని అయిదంకాల్లో చూపించిన మనిషి, ముందుమాటలో అదే పని చేశాడు. పరీక్షలో అడగవలసిన ప్రశ్న ఇది. ఎవరూ అడగరు. అలంకారాలు అడుగుతారు.

ఆ నాటకం విడుదలైన రెండు రోజులకే ప్రదోఁ అనే చిన్న కవి చేత అదే కథతో పోటీ నాటకం వేయించారు రసీన్ అంటే గిట్టని గొప్పింటివాళ్లు. కుర్చీలు ఖాళీగా ఉంచడానికి టిక్కెట్లు కొన్నారని కథలు, ఇరుపక్షాలా తిట్టు పద్యాలు, కర్రలతో కొట్టిస్తామని బెదిరింపులు. ప్రదోఁ పేరు ఇవాళ రసీన్ వల్లే బతికుంది.

రసీన్ నాటకాలు రాయడం అక్కడితో ఆగింది. పశ్చాత్తాపం అంటాడు కొడుకు. 1677 జూన్‌లో పెళ్లి, ఆ శరదృతువులో బ్వాలోతో కలిసి పద్నాలుగో లూయీ రాజుగారి చరిత్రకారుడి ఉద్యోగం. నాకు వరస ఇంకోలా కనపడుతుంది. ఆ రోజుల్లో నాటకకర్త అంటే ఎంత పేరొచ్చినా రెండో రకం మనిషి. నటులకైతే చర్చి అంత్యక్రియలు కూడా సరిగా దక్కేవి కావు. రాజుగారి చరిత్రకారుడంటే ఆయన గుర్రం వెనకే వెళ్లడం, ఆయన గదిలోకి వెళ్లడం. అనాథగా మొదలుపెట్టినవాడికి అంతకు మించిన మెట్టు లేదు. మెట్టెక్కాడు. యుద్ధాలకి వెంట వెళ్లాడు, మోఁస్, నామూర్ ముట్టడులు కళ్లారా చూశాడు. ఆ చరిత్ర రాతప్రతులు ఏమయ్యాయంటారా? ఆయన పోయిన చాలా ఏళ్లకి, 1726లో, వాటిని దాచిన మిత్రుడి ఇంటికి నిప్పంటుకుని తగలబడిపోయాయి. గడ్డివాములా పోయిందా ఇరవై ఏళ్ల ఉద్యోగం. నాకైతే పెద్ద దిగులేమీ లేదు. రాజుగారి భజన ఇంకా బోలెడు మిగిలే ఉంది.

ఈలోగా 1679లో ఇంకో పిడుగు. పారిస్‌లో విషాలమ్మే లా వ్వాజాఁ అనే ఆవిడని పట్టుకుని విచారిస్తే, పదకొండేళ్ల కిందట చచ్చిపోయిన ద్యు పార్క్‌కి విషం పెట్టింది రసీనే అంది. చనిపోతున్న మనిషి వేలినుంచి వజ్రపుటుంగరం లాక్కున్నాడని కూడా అంది. తను చూడలేదు, ద్యు పార్క్ సవతి తల్లి చెప్పగా విందట. 1680 జనవరిలో మంత్రి లువ్వా విచారణాధికారికి రాసిన ఉత్తరం ఉంది, మీరు అడిగితే రసీన్ అరెస్టుకి ఆజ్ఞ పంపుతానని. ఆ ఆజ్ఞ వెళ్లలేదు. మరుసటి నెలలో లా వ్వాజాఁని మంటల్లో వేసి చంపారు. రసీన్ విషం పెట్టాడని నేను నమ్మను, పండితుల్లోనూ నమ్మేవాళ్లు దాదాపు లేరు. కాకపోతే ఊహించండి, పద్నాలుగేళ్ల ముందు ఆత్మలకి విషం పెట్టేవాడన్న మాటకి అంత రెచ్చిపోయిన మనిషి. ఇప్పుడు నిజమైన విషం కేసులో, చేయని నేరం, ఎవరో ఎవరి నోటో విని తన మీదకి నెట్టేశారు. కొడుకు పుస్తకంలో ఈ గొడవ జాడ లేదు. ఆ కాగితాలు అచ్చులోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో.

నాటకాలు మానిన పన్నెండేళ్లకి మళ్లీ కలం పట్టింది కూడా పై నుంచి మాట వస్తేనే. రాజుగారి రెండో భార్య మదాం ద మాన్తెనోఁ సాన్ సీర్‌లో పేదరికంలో పడిన ఉన్నతవంశాల ఆడపిల్లలకి బడి పెట్టింది. ఆ పిల్లలు ‘ఆంద్రొమాక్’ ఆడితే మరీ బాగా ఆడారట. అంత బాగా ఆడటం చూసి ఆవిడ హడలిపోయి, ప్రేమ గీమ లేని నాటకం కావాలని రసీన్‌ని అడిగింది. 1689లో ‘ఎస్తేర్’, 1691లో ‘అతాలీ’. రెండోది గొప్ప నాటకం, అందరూ అంటారు, నేనూ అంటాను, ఫేద్ర్ పక్కన పెడితే నాకు గుడిలో కూర్చున్నట్టుంటుంది. అదే కాలంలో పెద్దకొడుక్కి రాసిన ఉత్తరాల్లో నాటకాలకి వెళ్లొద్దని బోధ! అందులో భగవద్భయం ఎంతో, కొలువులో నలుగురూ ఏమనుకుంటారన్న భయం కూడా అంతే కనపడుతుంది.

అయితే చివరి రోజుల్లో ఒక పని చేశాడు, దానికి మాత్రం తల వంచుతాను. పోర్ రొయాల్ అంటే రాజుకి ఒళ్లుమంట. ఆ మఠంలో కొత్తగా ఎవరినీ చేర్చుకోకూడదని 1679లోనే నిషేధం. కొలువులో ఉంటూ ఆ పేరెత్తడమే ప్రమాదమైన రోజుల్లో, రసీన్ రహస్యంగా ఆ మఠం చరిత్ర రాశాడు. తను అపహాస్యం చేసిన అదే పెద్దమ్మని అందులో గౌరవంగా రాశాడు. 1698 అక్టోబరులో వీలునామా కాగితం రాసిపెట్టాడు. నన్ను పోర్ రొయాల్ శ్మశానంలో, నా గురువు అమోఁగారి సమాధి పాదాల దగ్గర పాతిపెట్టండి, గతజీవితంలో నా అపకీర్తి పనుల వల్ల, ఆ ఇంట్లో నాకు దక్కిన మంచి చదువుని సరిగా వాడుకోకపోవడం వల్ల నాకు అందుకు అర్హత లేదని తెలిసే అడుగుతున్నాను అన్నది సారాంశం. మఠానికి 800 లివ్రులు రాశాడు. కొడుకు ఎంత కడిగినా కడగలేని మరకలని తండ్రే స్వదస్తూరీతో ఒప్పుకున్నాడు. దాది లేదు, ఒరెస్త్ లేడు, నటుల చేతకానితనం లేదు. ముందుమాటలన్నిటిలో కనపడని వాక్యం అది.

1699 ఏప్రిల్ 21న పోయాడు. అడిగినచోటే పాతారు. పుష్కరం తిరిగేసరికి రాజు మఠాన్ని పడగొట్టించి సమాధులు తవ్వించాడు. రసీన్ ఎముకల్ని 1711లో పారిస్‌లోని సెంతెత్యెన్ ద్యు మోఁ చర్చికి మార్చారు, అక్కడే పాస్కల్ సమాధి కూడా ఉంది. ఆయన పోర్ రొయాల్‌లో పాతిపెట్టమన్నాడని తెలిసినప్పుడు కొలువులో ఒకాయన నవ్వుతూ, బతికుండగా అయితే ఈ పని చేసేవాడు కాడు అన్నాడని చెప్పుకుంటారు. రసీన్ గురించి ఇప్పటిదాకా నేను చదివిన వ్యాఖ్యల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. అన్న మనిషి ఆయన్ని రోజూ చూసినవాడు.